ఎవరి తరఫున క్షమించడం?

పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ నగరంలో ఓద్రా నది ఒడ్డున ఓస్త్రుఫ్ తుమ్‌స్కీ అనే పాత పేట ఉంది. ఊరు పుట్టిందే అక్కడ. పేరుకు దీవి గానీ, 19వ శతాబ్దం మొదట్లో నది పాయ ఒకటి పూడ్చేశాక మూడు పక్కలే నీళ్లు. క్రీ.శ. 1000లో బిషప్ పీఠం పెట్టిన చోటు. పొద్దు గుంకేవేళ నల్ల అంగీ వేసుకున్న మనిషొకడు పొడవాటి కర్రతో గ్యాస్ దీపాలు ఒక్కొక్కటే వెలిగిస్తూ పోతాడు. మా ఇంటికొచ్చిన చుట్టాలంతా ఫోన్లు పట్టుకుని అతని వెంట పడతారు. నేను ఇనుప వంతెన దాటి పక్కనున్న పియాసెక్ దీవిలో బిషప్ బొలెస్వాఫ్ కొమినెక్ విగ్రహం దగ్గర ఆగుతాను.

1945 దాకా ఇది బ్రెస్లావ్, జర్మన్ ఊరు. ఆ ఏడాది సోవియట్ సైన్యం ముట్టడిలో కెథెడ్రల్ దాదాపు 70 శాతం కూలిపోయింది. సరిహద్దులు మారాయి, జర్మన్లను వెళ్లగొట్టారు. సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన ల్వూఫ్ వైపునుంచి మూటాముల్లెతో దిగిన పోలిష్ కుటుంబాలు ఆ ఖాళీ ఇళ్లలో చేరాయి. 1951కల్లా కెథెడ్రల్ తిరిగి లేచింది. గోపురాల మీది శిఖరాలు మాత్రం 1991లో గానీ రాలేదు.

1965 నవంబరులో పోలిష్ బిషప్పులు జర్మన్ బిషప్పులకు రాసిన లేఖ ముసాయిదా ఈ కొమినెక్‌దే. జర్మన్ ఏలుబడిలోని సైలీషియాలో పుట్టినవాడు కాబట్టి ఆ భాషలోనే రాశాడు. క్షమిస్తున్నాం, క్షమించమనీ అడుగుతున్నాం అన్నది దాని సారం. కమ్యూనిస్టు ప్రభుత్వం మండిపడింది. క్షమించే అధికారం మీకెవరిచ్చారంది. గుడికొచ్చే భక్తుల్లోనూ చాలామంది నొచ్చుకున్నారు. నాజీలు లక్షల మందిని చంపారు, మనం దేనికి క్షమాపణ అడగాలి అని.

నాకు ఆ లేఖలో మొదటి సగంతోనే పేచీ. ఆష్విట్జ్‌లో పోయినవాళ్ల తరఫున ఏ బిషప్పూ క్షమించలేడు, ఆ బాకీ చచ్చినవాళ్లతోనే పోయింది. దేవుడు క్షమిస్తాడంటారా, అది ఆయన ఇష్టం. రెండో సగం సంగతి వేరు. పరాయివాళ్లు వదిలిపోయిన ఇంట్లో కాపురముంటున్నవాడు ఆ మాట అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్లను తాను వెళ్లగొట్టకపోయినా సరే, తననూ ఇంకెవరో వెళ్లగొట్టి ఉన్నా సరే.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు కృష్ణ ముంపులో పోయింది. గుడిని రాయి రాయి విప్పి గట్టు మీద మళ్లీ కట్టారు, అమ్మమ్మ ఆ గుడికి ఎప్పుడూ పోలేదు. “పైసలిచ్చెటోళ్లు వచ్చిన్రు. తప్పైందమ్మా అన్నోడు ఒక్కడన్న వచ్చిండా?” అనేది. అలా ఎవరైనా వస్తే క్షమిస్తావా అంటే, “అది నా ఇష్టం, ముందు రానీ” అనేది.

జర్మన్ బిషప్పుల జవాబు డిసెంబరులో వచ్చింది, మర్యాదగా, ముభావంగా. సరిహద్దు మాట తేల్చలేదు. కొమినెక్‌కు అది చాలలేదు. 1970లో పశ్చిమ జర్మనీ ఆ సరిహద్దును ఒప్పుకుంది. 1972లో పోప్ ఈ పీఠాన్ని పోలిష్ చర్చికే ఖాయం చేశాక, ఆయన ఇక్కడ ఆర్చిబిషప్ అయ్యాడు.