దేవుడే చూసుకుంటాడు అనే మనిషిని మనమెలా చూసుకోవాలి?



మనకి ప్రాణంతో సమానమైన మనిషి తన ఆరోగ్యాన్ని తానే పట్టించుకోకపోతే మనం ఎంతవరకు చెప్పాలి? ఎక్కడ ఆగాలి? చాలా ఇళ్ళల్లో ఉన్న ప్రశ్నే ఇది. మా ఇంట్లో అయితే దాని పేరు మావయ్య.

మా అమ్మకి అన్నయ్య. రాజమండ్రిలో చిన్న కిరాణా కొట్టు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆటో పిలిచేది ఆయనే. షుగర్ వచ్చి 10 ఏళ్ళు దాటింది. మాత్రలు గుర్తొస్తే వేసుకుంటాడు. "టెస్టు చేయించుకో మావయ్యా" అంటే, "మన చేతిలో ఏముందిరా, అంతా ఆ వెంకన్న చూసుకుంటాడు" అని నవ్వేస్తాడు. ఏకాదశికి మాత్రం కటిక ఉపవాసం. ఆ మధ్య కాలికి పుండు పడితే, నొప్పి లేదు కదా అని వారం రోజులు అలాగే కొట్లో నిలబడ్డాడు. షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. అక్కడ నొప్పి లేకపోవడమే ప్రమాదం. హైదరాబాద్‌లో ఉన్న నాకు రాత్రిపూట అమ్మ ఫోన్ వస్తే గుండె జారిపోతుంది.

ముందు మావయ్య మాట చూద్దాం. అంతా దేవుడే చూసుకుంటాడు అనడం వినడానికి శరణాగతిలాగే ఉంటుంది. కానీ గీత 6వ అధ్యాయం 16, 17 శ్లోకాల్లో కృష్ణుడు చెప్పింది వేరు. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ కూడా యోగం కుదరదంటాడు. తిండి, తిరుగుడు, పని, నిద్ర అన్నీ హద్దులో ఉన్నవాడికే అది దుఃఖాన్ని పోగొడుతుందట. కాళిదాసు కుమారసంభవం 5వ సర్గలో శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, తపస్సు చేస్తున్న పార్వతిని నీ ఒంటికి తట్టుకునేంతే చేస్తున్నావా అని అడుగుతాడు. ధర్మం చెయ్యడానికి మొదటి సాధనం శరీరమే అని కారణం కూడా చెప్తాడు.

అంతెందుకు, దేవుడు చూసుకుంటాడని మావయ్య రాత్రిపూట కొట్టుకి తాళం వెయ్యకుండా వెళ్ళడు. తాళం వేసి, ఒకసారి లాగి చూసి, అప్పుడు దణ్ణం పెట్టుకుంటాడు. మాత్ర కూడా ఆ తాళం లాంటిదే.

ఇక మన సంగతి. ఆందోళన పడుతున్నాం కాబట్టి ప్రేమిస్తున్నాం అనుకుంటాం. కానీ ఆ ఆందోళనలో సగం మన భయమే. ఆయనకేమైనా అయితే నేనేమైపోతాను అని. ఆ భయంతోనే ఫోన్‌లో సణుగుతాం, "నా మీద ఒట్టు" అంటాం. అవతలి మనిషి విసుగుతో "సరేలే" అంటాడు. ఆ "సరే" వల్ల మన మనసు కాస్త కుదుటపడుతుందేమో గానీ ఆయన షుగర్ తగ్గదు.

గీత 18వ అధ్యాయం 63వ శ్లోకం ఇక్కడ నాకు దారి చూపిస్తుంది. చెప్పాల్సిందంతా చెప్పాక కృష్ణుడు అర్జునుడితో, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. సాక్షాత్తు భగవంతుడే నిర్ణయాన్ని అర్జునుడికి వదిలేశాడు. అయితే రెండు విషయాలు మర్చిపోకూడదు. ఆ మాట అన్నది ఓపిగ్గా అంతా వివరించాక. అన్న తరవాత రథం దిగి వెళ్ళిపోలేదు, పగ్గాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

మన ఇళ్ళల్లో పగ్గాలు పట్టడం అంటే చిన్న చిన్న పనులే. మావయ్యకి టెస్టు అంటే కొట్టు మూసెయ్యాలి, పైగా రిపోర్టులో ఏముంటుందో అని గుబులు. అందుకని ల్యాబ్ అబ్బాయినే పొద్దున్నే ఇంటికి రమ్మన్నాం. మూడు నెలల షుగర్ టెస్టు అంటామే, ఆ హెచ్‌బిఎ1సికి పరగడుపు కూడా అక్కర్లేదు. అత్తయ్య రోజూ ఆయన పాదాలు చూస్తోంది. మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉంటే షుగర్ బాగా పడిపోవచ్చు, కాబట్టి ఏకాదశి గురించి డాక్టర్‌నే అడగమన్నాను.

ఒక్క సందర్భంలో మాత్రం "నీ ఇష్టం" అనకూడదు. చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి అయోమయంలో ఉంటే ఆ నిర్ణయం ఆయనకి వదలకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మావయ్య కాలు చూపించుకున్నాడు, పుండు మానింది. మాత్రలు ఇప్పటికీ రోజూ వేసుకోడు. నాకు బెంగ పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. ఆయన చేసే పని ఆయనది, నేను చేసేది నాది. రెండోది ఆపకుండా ఉండగలిగితే చాలు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మావయ్య ఉంటే ఈ సాయంత్రం ఫోన్ చెయ్యండి. "ఎందుకు వెళ్ళలేదు" అనకుండా, "వెళ్ళడానికి నీకేం అడ్డమొస్తోంది" అని అడిగి చూడండి. జవాబు పూర్తిగా వినండి.

శుభమస్తు.