ఆస్పత్రి కొరత ఎవరి రహస్యం?

రోగి రహస్యాన్ని కాపాడటం వైద్యుని ధర్మం. మరి ఆస్పత్రిలోని కొరత ఎవరి రహస్యం? ఈ ప్రశ్నను దాటవేసి ఉద్యోగి క్రమశిక్షణను గురించి మాట్లాడటం అర్థరహితం.

2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాస్పత్రి మత్తువైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కులు చాలటంలేదని బహిరంగంగా అన్నారు. ఆ వెంటనే సస్పెండైనారు. ఈ రీతి మన దేశానికే పరిమితం కాదు. 2019 డిసెంబరులో కొత్త జబ్బును గురించి తోటి వైద్యులను హెచ్చరించిన వూహాన్ వైద్యుడు లీ వెన్‌లియాంగ్ చేత పోలీసులు మరుసటి నెలలో మందలింపు పత్రం మీద సంతకం చేయించారు. ఫిబ్రవరిలో ఆయన ఆ జబ్బుతోనే మరణించారు.

ముందుగా పై అధికారికి చెప్పుకోవాలంటారు. న్యాయమే. కాని ఆ అధికారి విని ఊరుకుంటే? అటుపైన మౌనం వహించటం కూడా తప్పులో పాలుపంచుకోవటమే. మాస్కు లేని నర్సు వల్ల ఆమె తాకిన ప్రతి రోగికీ ప్రమాదమున్నది. కనుక ఆమె ఫిర్యాదు చికిత్సలో భాగమే.

ప్రభుత్వ చర్యలను ఉద్యోగి విమర్శించరాదని 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తనా నియమావళి శాసిస్తున్నది. రోగి ప్రాణానికి సంబంధించిన మాటకు ఇది వర్తించరాదు. ఈ స్వేచ్ఛను ఒంటరి మనుషుల సాహసానికి వదలిపెట్టక, ఉద్యోగ సంఘాలు పోరాడి నియమంలోనే రాయించాలి.