నారు పోసినవాని ధర్మము

సకల జీవులును శ్రీమన్నారాయణునకు శరీరమని శ్రీవైష్ణవ సిద్ధాంతము. చీమ మొదలు చతుర్ముఖుని వరకు ప్రతి ప్రాణియందును ఆ స్వామి అంతర్యామియై యున్నాడు. పశువని లోకము చులకన చేయు రూపములను సైతము ఆయన అవతారములకై స్వీకరించెను. మత్స్య కూర్మ వరాహములు ఎల్లరకును తెలిసినవే. అపహరింపబడిన వేదములను ఉద్ధరించుటకై ఆయన గుఱ్ఱపు మోముతో హయగ్రీవుడయ్యెను. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి మలయప్పస్వామి అశ్వవాహనారూఢుడై మాడవీథులలో భక్తులకు దర్శనమొసగును. ఆ వాహనమునకు చేతులు జోడించు భక్తుడు ప్రాణముతో నున్న అశ్వము విషయమున ఎట్లు వర్తింపవలెనను ప్రశ్న అప్రస్తుతము కాదు.

ఈ ప్రశ్నకు శ్రీరామచంద్రుడు తన నడవడిచేతనే సమాధానము చెప్పినాడు. అయోధ్యను విడిచి వనమునకు పోవుచు ఆయన గంగాతీరమున శృంగిబేరపురము చేరెను. గుహుడు నానావిధ భక్ష్యములు తెచ్చి ముందుంచెను. తాపసవ్రతము పూనిన రాముడు వానిలో దేనిని గ్రహింపక, రథాశ్వములకు మాత్రము మేతయు నీరును ఇప్పింపుమని కోరెను. అవి తన తండ్రియైన దశరథునకు ప్రియమైనవనియు, వానికి తృప్తి కలిగిన తనకు పూజ జరిగినట్లేయనియు పలికెను. రాజ్యము పోయినను, ఆకలిగొన్న దినమైనను, తమ యింటికి చెందిన మూగజీవుల బాధ్యత పోలేదని ఆ మాటకు అర్థము. సుమంత్రుడు రథమును మరలించినపుడు ఆ గుఱ్ఱములు కదలక వేడి కన్నీరు కార్చినవని ఆదికవి వర్ణించెను. ప్రేమ చూపినవానిని అవి ఎరుగును.

ఇక విచారింపదగిన ధర్మసూక్ష్మమిది. మానవుడు తన ప్రయోజనమునకై ఒక మూగజీవిని పుట్టించినచో దానికి అతడెంతవరకు బాధ్యుడు? తన పని తీరిన పిమ్మట దానిని మరియొకరికి అప్పగించినంత మాత్రమున ఋణము తీరునా? ఈ ప్రశ్న అమెరికా దేశపు అశ్వశాలలలో మిక్కిలి తీవ్రముగా ఎదురగుచున్నది.

పందెపు గుఱ్ఱములలో థరోబ్రెడ్ అను జాతి ప్రసిద్ధము. ఆడుగుఱ్ఱము ఇంచుమించు పదునొకండు నెలలు గర్భము మోయును. ఏటేట ఒక పిల్ల కావలెనన్నచో, ఈనిన నెలలోపలనే అది తిరిగి చూలు దాల్చవలెను. ఉత్తరార్ధగోళమున ఈ జాతి పిల్లలన్నిటికిని, ఏ నెలలో పుట్టినను, జనవరి 1వ తేదీయే పుట్టినదినముగా లెక్క. అందుచేత సంవత్సరారంభమున పుట్టిన పిల్లకే పందెములలో మేలు. పైగా ఈ జాతియందు కృత్రిమ గర్భధారణము నిషిద్ధము. తల్లిని మగగుఱ్ఱమున్న చోటికి తరలింపక తప్పదు. వెలగల పసిపిల్లను ఆ ప్రయాణమునకు గురిచేయుటకు ఇష్టపడని కొందరు యజమానులు దానికి వేరొక పాలతల్లిని అద్దెకు తెత్తురు. దీనినే అచ్చట ‘నర్స్ మేర్’ అందురు. తెలుగున పాలదాది యనవచ్చును.

పాలదాదికి పాలెట్లు వచ్చును? అదియు ఈనవలెను గదా! ఆ పాలకొరకే దానికి చూలు కట్టింతురు. అది ఈనిన కొన్ని దినములకే దాని స్వంత పిల్లను వేరుచేసి, తల్లిని ధనికుని అశ్వశాలకు పంపుదురు. పుట్టిన మొదటి దినములలో గుఱ్ఱపుపిల్ల గంటకు పలుమారులు పాలు త్రాగును. తొలి గంటలలో జున్నుపాలు లభింపనిచో రోగములను ఎదుర్కొను శక్తి దానికుండదు, ఏలయనగా ఆ రక్షణము గర్భమందుండగా దానికి చేరదు. ఇట్లు విడువబడిన పిల్లలను కొన్ని సేవాసంఘములవారు తెచ్చి, సీసాలతోను బకెట్లతోను పొడిపాలు పట్టి బ్రతికించి, పోషింపగల కుటుంబములకు అప్పగించుచున్నారు. ఎవరికిని చేరని పిల్లలకు మరణమే గతి.

కెనడా దేశపు మైదానములలో మరియొక విధము కలదు. చూలి గుఱ్ఱముల మూత్రమునుండి స్త్రీలకు ఋతువుడిగిన పిమ్మట ఇచ్చు ప్రెమారిన్ అను ఔషధమును తయారుచేయుదురు. ఇది 1942 నుండి అమెరికాలో అమ్మకమునందున్నది. మూత్రము కొరకు గుఱ్ఱములను ఏటేట చూలుతో నుంచవలెను. అందుచే ఏటేట పిల్లలు పుట్టును. ఔషధము అమ్మువానికి పిల్లతో పనిలేదు. అనేకములు సంతలలో మాంసము కొరకు అమ్ముడుపోయినవి. 2002లో ఒక పెద్ద వైద్యపరిశోధన ఇట్టి చికిత్సవలన కొందరు స్త్రీలకు రొమ్ముక్యాన్సరు మొదలగు ప్రమాదములు హెచ్చునని వెల్లడించెను. ఔషధపు గిరాకి పడిపోయెను. పెక్కు పొలములలోని తల్లులకును పిల్లలకును ఒక్కసారిగా దిక్కులేకపోయెను. దయాళువులు కొందరు ముందుకు వచ్చి వానిని పెంపునకు తీసికొనిరి.

ఇచ్చట దోషమెక్కడ నున్నది? ఒక పిల్లకు వేరొక తల్లి పాలిచ్చుట దోషము కాదు. తల్లి మరణించిన పసికందునకు పాలదాది దొరకుట దైవకృపయే. పెంపుడుతల్లి మహిమను వైష్ణవులకు వేరుగ చెప్పవలసిన పనిలేదు. దేవకీగర్భమున పుట్టిన పరమాత్మ యశోద పాలు త్రాగియే పెరిగెను. అయితే ఆ కథలోనే ఆలోచింపదగిన మరియొక శిశువు కలదు. కృష్ణుడు నందుని యింట చేరిన రాత్రియే యశోద కన్న ఆడుశిశువు మధుర చెరసాలకు తరలిపోయెను. ఒకరి బిడ్డ బ్రతుకుటకై మరియొకరి బిడ్డ కంసుని చేతికి చిక్కెను. పైకి చూచినచో పాలదాది పిల్ల గతియు ఇట్టిదే.

కాని రెంటికిని హస్తిమశకాంతరము గలదు. ఆ శిశువు సాక్షాత్తు యోగమాయ. స్వామి ముందుగనే ఆమెకు తన సంకల్పమును తెలుపగా, ఆమె సమ్మతించియే భువికి వచ్చినట్లు భాగవతము చెప్పుచున్నది. కంసుడు రాతిపై కొట్టబోగా చేజారి ఆకసమున నిలిచి, వానిని హెచ్చరించి, లోకమున పూజలందుకొన్నది. గుఱ్ఱపుపిల్లను ఎవరును సమ్మతి అడుగలేదు. చేజారి ఎగిరిపోవు శక్తియు దానికి లేదు. గజేంద్రుని వలె పిలుచుటకు దానికి మాటయు లేదు. సమ్మతి లేని జీవిని పుట్టకముందే పారవేయదలచి పుట్టించుటయందే దోషమున్నది. ఆపదలో పాలిచ్చుట దయ. పారవేయుటకై పుట్టించి పాలు తీసికొనుట వ్యాపారము. పాలొక్కటే, సంకల్పము వేరు.

“నారు పోసినవాడు నీరు పోయడా” యని తెలుగువారి సామెత. భగవంతునిపై భారముంచి నిశ్చింతగా నుండుటకు దీనిని చెప్పుదురు. కాని ఇచ్చట నారు పోసినవాడు మానవుడు. ఏ జత కలియవలెనో, ఏ నెలలో పిల్ల పుట్టవలెనో నిర్ణయించినది అతడు. నాటుట తన వంతు, నీరు పోయుట దేవుని వంతు అనుట శరణాగతి కాదు, బాధ్యతను తప్పించుకొనుట.

పిల్లను మంచియింటికి అప్పగించినచో బాధ్యత తీరలేదా యని కొందరడుగవచ్చును. దీనికి కఠోపనిషత్తు సమాధానము చెప్పును. నచికేతుని తండ్రి యజ్ఞమున దానమీయ దలచి, ఇక నీరు త్రాగజాలని, మేత మేయజాలని, పాలుడిగిన ముసలి గోవులను దక్షిణగా ఇచ్చుచుండెను. బాలుడైన నచికేతుడు అట్టి దానము చేసినవాడు ఆనందములేని లోకములకు పోవునని కలత చెందెను. తనకు అక్కరలేనిదానిని వదలించుకొనుటకు దానమను పేరు పెట్టరాదు. గ్రహించువాని మేలు, ఈయబడు జీవి మేలు రెండును చూచి ఇచ్చినదే దానము. గోదానములకు పేరొందిన నృగమహారాజు, ఒకరి ఆవును తెలియక మరియొకరికిచ్చిన దోషమున ఊసరవెల్లియై నూతిలో పడియుండెను. శ్రీకృష్ణుని కరస్పర్శచే గాని ఆయనకు విముక్తి కలుగలేదు. ఇచ్చిన చేతికి ఎచ్చరిక యెంత అవసరమో ఈ కథ చెప్పుచున్నది.

మరి ఆ పిల్లలను చేరదీయువారి సంగతి యేమి? విడువబడిన పిల్లలను వెలయిచ్చి కొన్నచో, పుట్టించువానికి అది మరియొక రాబడియై మరుసటి యేడు మరికొన్ని పిల్లలు పుట్టవా? ఈ సందేహము నిజమైనది. ఊరక త్రోసివేయదగినది కాదు. అయితే పుట్టింపబడిన పిల్ల యెట్టి నేరమును ఎరుగదు. దాని ఆకలిని దాని యజమానికి శిక్షగా వాడుట ధర్మము కాదు. అందుచే రెండు కార్యములను రెండుగా చూడవలెను. ఎదుట నున్న ప్రాణిని కాపాడుట ఒకటి. పుట్టింపవలసిన అవసరమునే తగ్గించుట రెండవది. చూలు లేకయే మందులచే ఆడుగుఱ్ఱమునకు పాలు చేపించు పద్ధతి నేడు కలదు. తల్లిలేని పిల్లలకు పొడిపాలు కలవు. మొక్కలనుండి తయారగు ఔషధములును కలవు. మార్గము లేనపుడు చేసిన పని యొక తీరు. మార్గముండియు లాభమునకై చేయు పని వేరొక తీరు. చేరదీయువాడు మొదటి కార్యముతో తృప్తిపడక, రెండవదానికిని నోరు విప్పవలెను.

భాగవత పఠనము చేయువారికి మరియొక సంశయము కలుగవచ్చును. భరతమహారాజు తల్లిలేని లేడిపిల్లను చేరదీసియే గదా తపోభ్రష్టుడై లేడిగా జన్మించెను! జంతువుల పెంపకము బంధహేతువు కాదా? కథను నిదానించి చూచినచో దోషము చేరదీయుటయందు కానరాదు. నీట కొట్టుకొనిపోవు పసిప్రాణిని గట్టుకు చేర్చుట కరుణయే. నిత్యకర్మములను, భగవదారాధనమును విడిచి ఆ మృగమునందే మనస్సు నిలుపుటచే ఆయనకు పతనము కలిగెను. పోషణము వేరు, వ్యామోహము వేరు. పైగా లేడిపిల్ల తల్లిని పోగొట్టినది భరతుడు కాదు, సింహగర్జనకు బెదరి తల్లి మరణించెను. తాను కలిగింపని అనాథత్వమునకే ఆ మహారాజు ఇల్లు విడిచియు బాధ్యత వహించెను. తామే కలిగించిన అనాథత్వమునకు గృహస్థులు ఎంతగా బాధ్యులో వేరుగ చెప్పవలెనా?

దూరదేశపు గుఱ్ఱముల కథ యని దీనిని వినివదలుటకు వీలులేదు. తెలుగునాట గుఱ్ఱపుపిల్ల స్థానమున కోడెదూడ నిలిచియున్నది. పాలకొరకు ఆవు ఈనవలెను. ఈనిన దూడలలో సగము మగవి. ఎడ్లతో దున్నిన కాలమున కోడెదూడ రైతుకు సిరి. ట్రాక్టరు వచ్చిన పిదప అది అనేక గృహములకు భారమైనది. సింహాద్రి అప్పన్నకు కోడెదూడను సమర్పించు మ్రొక్కు తరతరములనుండి వచ్చుచున్నది. ఇంటి ఆవు తొలుచూలు పిల్లను స్వామిదిగా భావించి, కడుపార తల్లిపాలు త్రాగనిచ్చి, పెంచి, పసుపు కుంకుమలతో అలంకరించి తెచ్చు భక్తుని కానుక ఉత్తమము. సంతలో చౌకగా దొరకిన బక్కదూడను, పాలు మరువకముందే వాహనములో కుదించి తెచ్చి కొండక్రింద వదలిపోవుట మ్రొక్కు కాదు. అది నచికేతుని తండ్రి చేసిన దానము వంటిది. స్వామి గోశాల ఎంత విశాలమైనదైనను, తల్లి పొదుగునకు ప్రత్యామ్నాయము కాజాలదు.

కావున గృహస్థుడు మూడు సమయములందు యోచింపవలెను. మొదటిది, పశువునకు చూలు కట్టించుటకు ముందు. పుట్టబోవు పిల్ల మగదైన ఏమి చేయుదునని అప్పుడే నిర్ణయించుకొనవలెను. ఆడుదూడలే హెచ్చుగా పుట్టునట్లు వేరుచేసిన వీర్యము నేడు పశువైద్యశాలలలో లభించుచున్నది. రెండవది, ఇచ్చునపుడు. జున్నుపాలు త్రాగి, మేతకు మరగిన పిదపనే ఇయ్యవలెను. దానితో పాటు కొంత మేతఖర్చును ఇచ్చుట న్యాయము. ఇచ్చిన పిదప నొకసారి పోయి చూచుట అంతకన్న న్యాయము. మూడవది, పుచ్చుకొనునపుడు. గుఱ్ఱము ఇరువదియైదు, ముప్పది యేండ్లు బ్రతుకును. ఎద్దు ఇరువది యేండ్లుండవచ్చును. నేటి జాలి అన్నియేండ్ల మేతగా మారగలదా యని చూచుకొని చేయి చాపవలెను. తన శక్తికి మించినచో, పోషింపగల గోశాలకు గడ్డి పంపినను పుణ్యమే.

శరణన్నవానిని విడువనని విభీషణుని విషయమున శ్రీరాముడు ప్రతిన చేసెను. నోరున్నవాడు శరణనగలడు. నోరులేని ప్రాణి తన పుట్టుకచేతనే శరణన్నది. దానిని పుట్టించినవాడు ఆ పిలుపును వినకపోయినను దాని యందున్న అంతర్యామి వినుచునే యున్నాడు. తాను తినకయే తండ్రి గుఱ్ఱములకు మేత వేయించిన ఆ కరుణామూర్తి, ప్రతి గృహస్థుని చేతికిని అట్టి దయను, ఆ దయను కడవరకు నిలుపుకొను శక్తిని అనుగ్రహించుగాక!