పని లేని రాత్రి

తిమ్మాజిపేటలో బస్సు కోసం సంచి పట్టుకొని నిలబడ్డ మనిషిని ఎవరైనా ముందు అడిగేది "యాడికి?" అని. ఆ వెంటనే "ఏం పని?" అని. మొదటిదానికి జవాబు తేలిక. జడ్చర్ల అనో, నాగర్‌కర్నూల్ అనో, పట్నం అనో చెప్తే సరిపోతుంది. రెండోదానికి జవాబు లేకుండా మా వైపు బస్సెక్కేవాళ్ళు అరుదు. దవాఖానకు, కోర్టు వాయిదాకు, పిల్లల అడ్మిషన్‌కు, పెళ్ళికి, చావుకు, కూలికి. పాలమూరు మనిషి ఊరు దాటాడంటే వెనక ఏదో ఒక అవసరం తరుముతూ ఉంటుంది. అట్లాంటి అవసరమేదీ లేకుండా, తెలియని నగరంలో ఒక రాత్రి చిన్ననాటి దోస్తులతో తిరిగి రావడానికే పోతున్నానని స్టేజీ కాడ నలుగురి ముందు చెప్పగలమా? మనిషి కాలం ఎవరిది అన్న పాత ప్రశ్న నాకు ఇక్కడే ఎదురవుతున్నది.

ఈమధ్య ఊరూరా పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతున్నాయి. బడి గేటుకు ఫ్లెక్సీ, పాత సార్లకు శాలువాలు, జ్ఞాపికలు, మైకులో పరిచయాలు, మధ్యాహ్నం భోజనం, గ్రూప్ ఫొటో. మా బ్యాచ్‌ది కూడా అట్లనే జరిగింది. మంచి పండుగే అది, నేను తక్కువ చేయను. కానీ మైకు ముందు నిలబడ్డప్పుడు ప్రతి ఒక్కరం ఇప్పుడేం చేస్తున్నామో చెప్పుకున్నాం. ఒకరు టీచరు, ఒకరు ఎల్‌ఐసీ ఏజెంటు, ఒకరు ఎరువుల దుకాణం, ఒకరికి ఆటో, ఒకరికి రెండెకరాల పత్తి. పేరు తర్వాత వెంటనే పని. సాయంత్రానికి ఎవరి బండి వాళ్ళు తీసుకొని వెళ్ళిపోయారు. మాట్లాడుకోవలసిన మాట ఒక్కటీ బయటికి రాలేదు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒకడు పెట్టాడు: "ఒక్క రాత్రి యాడికన్న పోదాం రా, గీ శాలువాలు గీవాలు లేకుండ."

హైదరాబాద్ వద్దనుకున్నాం. అక్కడ అందరికీ చుట్టాలున్నారు, ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. దిగామని తెలిస్తే ఫోన్లు మోగుతాయి. శ్రీశైలం అన్నారు కొందరు. దేవుడి దగ్గరికి పోతే అది మొక్కు అవుతుంది, మళ్ళీ ఒక పనే. చివరికి ముంబై అన్నారు. హైదరాబాద్ దాకా బస్సు, అక్కడినుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, దిగేది ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. అందరికీ కొత్త ఊరు, సినిమాల్లో చూడటమే తప్ప.

అందరికీ కాదు. మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాడు, తొమ్మిదిలో బడి మానేసి ఇంటోళ్ళతో కలిసి మేస్త్రి వెంట పోయినవాడు ఒకడున్నాడు. అక్కడ బిల్డింగు పనుల్లో ఏండ్లకు ఏండ్లు గడిపినవాడు. వాడికి ఫోన్ చేసి, "నీకు ఎరికే గదా ముంబై, రాత్రిపూట యాడ తిరిగితే మంచిగుంటదో చెప్పు" అని అడిగితే కాసేపు మాట రాలేదు. తర్వాత వరసగా చెప్పాడు: కాందివలిలో కూలీలు పొద్దున్నే నిలబడే నాకా, ఏ టవర్‌కు ఎన్ని అంతస్తుల ప్లాస్టరింగు చేసిందీ, ఇసుక కుప్ప పక్కన తాటిపత్రీ కట్టుకొని పండుకున్న చోటు, చలికాలంలో నీళ్ళ డ్రమ్ము కాడ కొట్లాట. సముద్రం ఎట్లుంటదిరా అని ఇంకొకడు అడిగాడు. "పదో అంతస్తు మీంచి చూసిన. దగ్గరికి పోలే" అన్నాడు.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఒక నగరాన్ని చేతులతో కట్టినవాడికి అది తెలిసినట్టా, తెలియనట్టా? సముద్రం ఒడ్డున మెరీన్ డ్రైవ్ ఎక్కడుందో, దాని పొడవు దాదాపు మూడున్నర కిలోమీటర్లని, దాని వెంట ఉన్న ఆర్ట్ డెకో భవనాలకు 2018లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చిందని నేను ఇంట్లో కూర్చొని చెప్పగలను. వాడు ఆ నగరపు గోడల లోపల ఇటుక ఎట్లా పేర్చి ఉందో చెప్పగలడు. కానీ ఆ గోడల బయట, ఏ పనీ లేకుండా, ఒక గంట కూర్చున్న అనుభవం వాడికి లేదు. కొత్త నగరమంటే ఎన్నడూ పోనిదని అనుకుంటాం. పనివాడిగా తప్ప మనిషిగా అడుగు పెట్టనిది కూడా కొత్త నగరమే అయితే, మా అందరిలో ముంబై కొత్త ఎవరికి?

ఇది ఒక్కడి కథ కాదు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి తవ్వింది పాలమూరు లేబరే. గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను జతగా తీసుకొనిపోయే పద్ధతి మా తాతల కాలం నుంచీ ఉంది. ముంబైలో కామాఠీపుర పేరు నిజాం రాజ్యం నుంచి పోయి అక్కడ కట్టడాల్లో పనిచేసిన తెలుగు కూలీల నుంచి వచ్చిందే. ఆ పేరు వింటే ఇవాళ దేశానికి ఇంకేదో గుర్తొస్తుంది, మన వాళ్ళ చెమట గుర్తురాదు. నాకది బాధ. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. దాంట్లో ప్రయాణ భత్యం ఉండేది, ఊరు విడిచినందుకు నెల కూలీలో సగమో డెబ్బై అయిదు రూపాయలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని ఉండేది, వసతి ఉండేది, వైద్యం ఉండేది. అమలు సంగతి పక్కన పెడితే మంచి చట్టమే. ఆ మనిషికి ఒక సాయంత్రం తనదిగా ఉండాలన్నది మాత్రం ఏ చట్టమూ రాయగలిగేది కాదు. అది ఎవరికి వాళ్ళు తీసుకోవలసిందే.

తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ఫ్రెంచి తత్వవేత్త జాక్ రాన్సియేర్ 1981లో ఒక పుస్తకం వెలువరించాడు, 1830ల నాటి పారిస్ కార్మికుల రాత్రుల గురించి. వడ్రంగులు, దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు పగలంతా పనిచేసి, మర్నాటి పనికోసం నిద్రపోవలసిన వేళలో నిద్ర మానుకొని కవిత్వం రాసుకున్నారు, పత్రికలు నడిపారు, వాదించుకున్నారు. అలసిన ఒంటికి రాత్రిని ఇచ్చేస్తే ఆ రాత్రి కూడా యజమానిదే అవుతుంది, ఎందుకంటే ఆ నిద్ర మర్నాటి పనికి సిద్ధం కావడానికే. వాళ్ళు ఆ ముడిని తెంచారు. ఈ ఆలోచన చదివినప్పటి నుంచి, దోస్తులతో రాత్రంతా తిరగడం అనే మాట వెనక నాకు ఇంకో అర్థం కనిపిస్తున్నది. మేం కవిత్వం రాయబోవడం లేదు. తిని, తాగి, పాత ముచ్చట్లు చెప్పుకొని వస్తాం. అయినా అది ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని కాలం.

మరి ఈ కాలాన్ని చిన్ననాటి దోస్తులతోనే ఎందుకు గడపాలి? ఇంటివాళ్ళతో పోవచ్చు, ఆఫీసువాళ్ళతో పోవచ్చు. అరిస్టాటిల్ స్నేహాలను మూడు రకాలు చేశాడు: అక్కరకు పనికొచ్చేవి, సంతోషానికి అయ్యేవి, మంచితనం చూసి కలిసేవి. పెద్దయ్యాక మనకు దొరికేవి ఎక్కువగా మొదటి రకమే. బడి దోస్తీ ఈ మూడింట్లో దేంట్లోకి వస్తుందో నాకు తేలడం లేదు. ఆ వయసులో ఎవరికీ ఎవరితోనూ అక్కర లేదు, మంచితనం తూచే తెలివీ లేదు. ఆదివారం సైకిళ్ళ మీద ఇద్దరిద్దరం ఎక్కి ఆవంచకు పోయేవాళ్ళం. అక్కడ చేలల్లో, ఆకాశం కింద, నిలువెత్తుకు ఎన్నో రెట్లున్న ఏకశిలా గణపతి. మొక్కడానికి పోలేదు. ఆ రాతి నీడలో కూర్చొని రేగుపండ్లు తిని వచ్చేవాళ్ళం. ఏం పని మీద పోయారని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. పనికొచ్చే మనిషి కాకముందు మనల్ని ఎరిగినవాళ్ళు వీళ్ళే. నా జీతం, నా హోదా, నా చేతగానితనం ఇవేవీ లేనప్పుడు నేను ఎట్లా ఉండేవాణ్ణో సాక్ష్యం చెప్పగలిగేది వాళ్ళే.

ఇక్కడ ఆగి నన్ను నేను గట్టిగా ప్రశ్నించుకోవాలి. బడి రోజుల్లో అందరం సమానమేనని ఇప్పుడు చెప్పుకోవడం సుఖంగా ఉంటుంది. సమానంగా ఉన్నామా? ఎవరి ఇంటి గడప దాకా ఎవరు రాగలిగారో, ఎవరికి గ్లాసులో నీళ్ళిచ్చారో, ఎవరికి దోసిట్లో పోశారో మాకు అందరికీ గుర్తుంది. బడి మానేసిన వాడు ఎందుకు మానేశాడో అప్పుడు మేం అడగలేదు. ఒకరోజు బెంచీలో వాడి చోటు ఖాళీ అయింది, ఇంకొకడు జరిగి కూర్చున్నాడు, అంతే. దోస్తులమే అయితే ఆ ఖాళీ మమ్మల్ని ఎందుకు బాధపెట్టలేదు? పిల్లలం కదా అని సర్దుకోవచ్చు. సర్దుకోవాలని నాకు లేదు.

తెలియని నగరం ఇక్కడ పనికొస్తుందని నా ఆశ. ఊళ్ళో కలిస్తే మాజీ సర్పంచి కొడుక్కి ఎవరో ఒకరు కుర్చీ జరుపుతారు. మేస్త్రి వెంట పోయినవాడు అరుగు చివర కూర్చుంటాడు. ఎవరూ చెప్పరు, కాళ్ళు వాటంతట అవే ఆ చోటికి పోతాయి. మెరీన్ డ్రైవ్ గట్టు మీద అట్లాంటి చివర ఉండదు. పక్కన కూర్చున్న గుజరాతీ కుటుంబానికి మాలో ఎవరు ఎవరో తెలియదు. అయితే నగరం ఒక కొలత తీసేసి ఇంకో కొలత పెడుతుంది, జేబు. ప్లాను వేసేటప్పుడు మొదటి గొడవ దాని దగ్గరే వచ్చింది. ఎవరి ఖర్చు వాళ్ళదే అనడం న్యాయంగా వినిపిస్తుంది. రోజు కూలీవాడికి, నెల జీతగాడికి ఒకే మొత్తం న్యాయమా? "వాడిది మేం పెట్టుకుంటం" అన్నారు ఇద్దరు, మంచి మనసుతోనే. వాడు ఒప్పుకోలేదు. "అట్లయితే నేను రాను రా" అన్నాడు. ఇచ్చేవాడికి సులువైన ప్రేమ, పుచ్చుకునేవాడికి ఎంత బరువో ఆ ఒక్క మాటలో ఉంది. ఎవరికి తోచినంత వాళ్ళు ఒక డబ్బాలో వేసి, ఎవరెంత వేశారో అడగకుండా దాంట్లోంచే ఖర్చు పెడదామని మా ఎల్‌ఐసీ దోస్తు అన్నాడు. ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు.

ఇంకొక ప్రశ్న గ్రూపులోనే లేచింది. మా క్లాసులో ఆడపిల్లలు కూడా ఉన్నారు. అందులో ఒకామె, ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు, రాసింది: "సమ్మేళనానికైతే మమ్మల్ని పిలిచిన్రు. రాత్రికి పిలువరా?" ఎవరూ వెంటనే జవాబు రాయలేదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై వీధుల్లో ఆడవాళ్ళ గురించి 2011లో 'వై లాయిటర్' అని పుస్తకం తెచ్చారు. ఆడమనిషి బయట కనిపిస్తే ఒక పని మీద పోతున్నట్టు కనిపించాలి, ఊరికే నిలబడే హక్కు ఆమెకు లేదు, ఆ హక్కే అసలైన హక్కు అన్నది వాళ్ళ వాదం. మా తిమ్మాజిపేట స్టేజీ కాడి "ఏం పని?" అనే ప్రశ్న మగవాడికి పలకరింపు. ఆమెకు అది విచారణ. ఆమె భర్త ఏమంటాడు, ఊరేమంటుంది, మేం ఎట్లా చూసుకుంటాం అని మేం లెక్కలు వేస్తున్నాం. మేం చూసుకోవాలని ఆమె అడగలేదు. రావాలా వద్దా అన్నది ఆమె తేల్చుకునే సంగతి. పిలవడం ఒక్కటే మా చేతిలో ఉన్నది. పిలిచాం. ఇంకో ఇద్దరిని అడిగి చెప్తానన్నది.

ముంబైలో లోకల్ రైళ్ళు రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఆగిపోయి, మళ్ళీ నాలుగింటి వేళకు మొదలవుతాయి. ఆ మూడు గంటల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తున్నాను. చివరి రైలు పోయాక వెనక్కి పోవడం సులువు కాదు, మాటలు నిజం కావడం మొదలయ్యేది అప్పుడే. 2020 జనవరి చివర్లో అక్కడ కొన్ని చోట్ల మాల్స్, హోటళ్ళు రాత్రంతా తెరిచి ఉంచుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. ఖర్చు పెట్టేవాళ్ళకు రాత్రి ఇంకా పొడుగైంది. అదే నగరంలో ఫుట్‌పాత్ మీద దుప్పటి కప్పుకొని పడుకున్నవాళ్ళకు రాత్రి పొట్టిదే, పొద్దున్నే నాకాకు పోవాలి. మేం నవ్వుకుంటూ నడిచిపోయే చోట పడుకున్నది బహుశా కోస్గి వైపు వాళ్ళో, మక్తల్ వైపు వాళ్ళో కావచ్చు. మా గొంతులు విని నిద్ర లేచి, తెలుగు విని "ఏ ఊరు?" అని అడిగితే? ఏం పని మీద వచ్చారని అడిగితే? సంతోషించడానికి వచ్చామని వాళ్ళకు చెప్పడం తప్పా? తప్పు కాదనే అనుకుంటున్నాను. అందరికీ దొరకని సంతోషాన్ని వదులుకుంటే అది ఇంకొకరికి చేరదు. కానీ ఆ మాట నోరు తెరిచి చెప్పగలనని నమ్మకం లేదు. గొంతు తగ్గించి నడవడం మాత్రం చేయగలం.

తేదీ ఇంకా కుదరలేదు. వానకాలం నాట్లు అయిపోయాక, పత్తి తీసే లోపల పోవాలని పొలం ఉన్నవాళ్ళు అంటున్నారు, బడి సెలవుల్లో అని టీచరు. మా వెనక బెంచీవాడు ఒక్కటే అడిగాడు. కాందివలిలో వాడు చివరగా పనిచేసిన టవర్ దగ్గరికి పోవాలట, రోడ్డు మీద నిలబడి చూస్తే చాలట. తర్వాత సముద్రం కాడికి మీ ఇష్టం అన్నాడు. కాందివలి నుంచి చర్చిగేట్‌కు లోకల్లో సుమారు గంట పడుతుంది. చివరి రైలు దొరకాలంటే ముందు అక్కడికే పోయి, తర్వాత మెరీన్ డ్రైవ్‌కు రావాలి. ప్లాను మొత్తం తిరగరాస్తున్నాం.