కొట్టేయని మాట

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం సిపాయిలకు ఒక అచ్చు కార్డు ఇచ్చేది. వాక్యాలు అందులో ముందే ఉండేవి: బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, మీ ఉత్తరం అందింది. పనికిరానివి కొట్టేసి, సంతకం చేసి, తేదీ వేసి పంపాలి. ఇంకొక్క ముక్క రాసినా కార్డు నాశనం చేస్తామని పైనే హెచ్చరిక. ‘చాలాకాలంగా మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు’ అన్న వాక్యం కూడా ఉండేది. నిష్ఠూరానికి చోటిచ్చారు, భయానికి మాత్రం ఇవ్వలేదు.

సైన్యం తన రహస్యాల కోసం చేసిన ఏర్పాటది. కుటుంబాలు మాత్రం ఎవరూ చెప్పకుండానే అలాంటి ఉత్తరాలు రాసుకుంటాయి. నాన్నకు ఛాతీనొప్పి వచ్చిందని ఇంట్లోవాళ్ళు రాయరు. పక్క బంకర్ మీద షెల్లు పడిందని సరిహద్దులో ఉన్న కొడుకు రాయడు. అతని మాట ఇంట్లోవాళ్ళు నమ్మరు, వాళ్ళ మాట అతను నమ్మడు. అయినా ఆ అబద్ధం వేళకి రావాలి. రాకపోతేనే కంగారు.

1999 వేసవిలో, కార్గిల్ రోజుల్లో, మా వీధిలో ఒకింటి పెద్దబ్బాయి సరిహద్దులో ఉన్నాడు. వాళ్ళింట్లో అత్తగారు టీవీ పెట్టనిచ్చేది కాదు. కోడలు పంచదారకనో పాలతోడుకనో మా ఇంటికొచ్చి, నిలబడే వార్తలు చూసి వెళ్ళేది. ఆమె వెళ్ళిన కాసేపటికి అత్తగారు గోడ అవతల నుంచి మా అమ్మని అడిగేది: “ఏం చెప్పారమ్మాయ్ టీవీలో?”

ఆవకాయల కాలం. ఆ ఏడు జాడీ దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవైంది.

“ఉప్పు చాలదత్తయ్యా.”

“నువ్వు పుట్టకముందు నుంచీ పెడుతున్నా, నాకు నేర్పక్కర్లేదు.”

కొన్నాళ్ళు మాటల్లేవు. గొడవ ఉప్పు గురించి కాదని వీధిలో అందరికీ తెలుసు. అరవడానికి ఉప్పు దొరికింది, అంతే. అలాంటి ఇంట్లో పోట్లాట వినిపిస్తే సర్ది చెప్పడానికి పరిగెత్తకపోవడమే మేలని నా అభిప్రాయం. “గర్వంగా ఉందా అమ్మా?” అంటూ తల్లి మొహం ముందు మైకు పెట్టేవాళ్ళకంటే ఆ గొడవే నయం. ‘ఉంది’ అనడం తప్ప ఆవిడకు ఇంకో జవాబు మిగల్చరు వాళ్ళు.

చిన్నపిల్లల దగ్గర మాత్రం పైపై మాటలు చెల్లవు. 1939 సెప్టెంబరు 1న, బాంబులు పడతాయన్న భయంతో, బ్రిటన్ నగరాల నుంచి పిల్లల్ని పల్లెలకు తరలించడం మొదలుపెట్టారు. కోటుకి పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్కు డబ్బా. కొన్ని రోజుల్లోనే దాదాపు 15 లక్షల మంది కదిలారు. వాళ్ళలో తల్లుల వెంట వెళ్ళిన పసివాళ్ళూ ఉన్నారు, తల్లిని స్టేషన్లో వదిలి వెళ్ళిన బడిపిల్లలూ ఉన్నారు. యుద్ధకాలంలో లండన్‌లో పిల్లల నిలయాలు నడిపిన ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగమ్ చూసిందేమంటే, పసివాళ్ళను బాంబుల మోతకన్నా తల్లి ఎడబాటే ఎక్కువ కుంగదీసింది. పక్కనున్న తల్లి స్థిమితంగా ఉంటే బిడ్డ మోతను తట్టుకునేది. తల్లి బెదిరితే ఆ బెదురు బిడ్డకూ అంటేది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు మనవాళ్ళూ ఊళ్ళు వదిలారు. కాకపోతే మన పిల్లలు చాలామంది వెళ్ళింది అమ్మ చెయ్యి పట్టుకుని, చుట్టాల ఇంటికి. లండన్ పిల్లవాడు దిగింది ముక్కూమొహం తెలియని వాళ్ళ గుమ్మంలో.

ఇదంతా చదివి ఉన్నా, సైరన్ మోగే ఊళ్ళో నేనూ నా బిడ్డను రైలెక్కించేవాణ్ణే. సెలవులకి వెళ్తున్నావని కూడా చెప్పేవాణ్ణి.