తెలిసినవాడు, పన్నినవాడు, రాసినవాడు

తెర మీద పేర్లు పడే రెండు మూడు నిమిషాల ఘట్టం ఒకప్పుడు నటీనటుల, సాంకేతిక నిపుణుల జాబితాకే పరిమితమై ఉండగా, థ్రిల్లర్ చిత్రాల్లో అది జరగబోయేదాన్ని చెప్పీ చెప్పకుండా సూచించే రచనగా ఎదిగింది. 1960లో విడుదలైన ‘సైకో’కు సాల్ బాస్ రూపొందించిన టైటిల్స్‌లో దూసుకువచ్చే గీతలు అక్షరాలను ముక్కలు చేసి, కథలోని చీలిన మనసును ముందుగానే స్ఫురింపజేశాయి. జరగబోయేది ముందే ఎవరికో తెలిసి ఉంటే, దాన్ని చేసే మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టా లేనట్టా అని మతతత్త్వవేత్తలు శతాబ్దాలుగా వాదించుకున్న ప్రశ్నను పరీక్షించి చూడటానికి ఇటువంటి ఘట్టం తగిన అవకాశమిస్తుంది.

1995లో డేవిడ్ ఫించర్ దర్శకత్వంలో వచ్చిన ‘సెవెన్’ కథలో, ఇతర పాపాలన్నిటికీ మూలమని క్రైస్తవ సంప్రదాయం ఎంచిన ఏడు పాపాల వరుసను అనుసరించి ఒక హంతకుడు హత్యలు సాగిస్తాడు. కైల్ కూపర్ తీర్చిన టైటిల్స్‌లో అతని ముఖం కనిపించదు. వేలిముద్రలు మిగలకుండా వేళ్ల కొసల చర్మాన్ని బ్లేడుతో చెక్కుకునే చేతులు, కాగితాలను సూదీదారంతో పుస్తకంగా కుట్టే చేతులు, డాలరు నోటు మీది నినాదంలోంచి దేవుడన్న మాటను వేరుచేసే చేతులు మాత్రమే కనిపిస్తాయి. వాటి మీదుగా, ఫిల్ముపై చేత్తో గీకిన అక్షరాలు అదురుతూ చిత్రాన్ని రూపొందించినవారి పేర్లు చెబుతాయి. హంతకుడిగా నటించిన కెవిన్ స్పేసీ పేరు మాత్రం చిత్రం ముగిసేదాకా పడదు. పథకమంతా ప్రేక్షకుని కళ్ల ముందే ఉన్నా, అది పథకమని అతనికి తెలిసేది కథ ముగిశాకనే.

ఒక సంగతిని ముందే ఎరిగి ఉండటాన్ని పూర్వజ్ఞానం అంటారు. జ్ఞాపకం గతాన్ని బలవంతంగా జరిపించనట్టే, దైవం పూర్వజ్ఞానం భవిష్యత్తును బలవంతపెట్టదని 4వ శతాబ్ది చివర క్రైస్తవ మతతత్త్వవేత్త అగస్టీన్ వాదించాడు. దేవునికి కాలమంతా ఏకకాలంలో కనిపించే వర్తమానమేనని, చూడటం చేయించడం కాదని 524 ప్రాంతంలో చెరసాలలో ఉండి రాసిన గ్రంథంలో తత్త్వవేత్త బొయీథియస్ వివరించాడు. ‘సెవెన్’ను రెండోసారి చూసే ప్రేక్షకునిది సరిగ్గా ఈ స్థితే: ముగింపు తెలిసినా, హంతకుణ్ణి వెంటాడి చివరికి అతని మీద తుపాకీ ఎత్తిన డిటెక్టివ్ మిల్స్ తడబాటుకు ఆ తెలియడం కారణం కాదు.

హంతకుని స్థానం వేరు. అతడు మిల్స్ భార్యను చంపి, ఆ సంగతి భర్తకు తెలిసే ఘడియను కూడా పన్నుతాడు గానీ, ఆగ్రహమనే ఏడో పాపం పూర్తి కావాలంటే మిల్స్ తనంత తానుగా కాల్చవలసిందే. దైవం తనను ఎన్నుకుందని చెప్పుకునే మనిషి, దైవం పేరును కత్తిరించి వేరుచేసి, చివరికి ఒక మనిషి నిర్ణయం కోసం కాచుకుని కూర్చుంటాడు. పన్నిన ఉచ్చు స్వేచ్ఛను ఇరుకు చేస్తుంది. బాధ్యతలో కొంత పన్నినవాని మీదికి మళ్లుతుంది. అయినా నిర్ణయం మాత్రం కాల్చినవానిదే.

అయితే ప్రేక్షకుణ్ణీ హంతకుణ్ణీ దైవంతో పోల్చే ఈ ఉపమానం ఒకచోట ఆగిపోతుంది. మిల్స్ మరోలా నడుచుకోలేకపోవడానికి కారణం ప్రేక్షకుని జ్ఞానమూ కాదు, హంతకుని పన్నాగమూ కాదు. టైటిల్స్‌లో ఆ చేతుల మీదుగా పేర్లు పడిన రచయితా దర్శకుడూ అతణ్ణి అలా సృష్టించడమే. దైవాన్ని సాక్షిగా మాత్రమే భావించినంతవరకు అగస్టీన్ వాదం నిలుస్తుంది. ఆ దైవమే సృష్టికర్త అయినప్పుడు, తాను సృష్టించిన మనిషి తప్పు చేస్తాడని ఎరిగి కూడా అతణ్ణి ఎందుకు సృష్టించాడన్న ప్రశ్న పూర్వజ్ఞానపు చర్చతో తీరదు. కాబట్టి స్వేచ్ఛకు అసలు చిక్కు తెలిసినవానితో కాదు, రాసినవానితో.