సేనాపతి మా ఇంటికి రాకపోతే చాలు

'భారతీయుడు 2' బాగాలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుంటూ తిరిగాను. కారణాలకు కరువు లేదు. మూడు గంటల సాగతీత. వందేళ్లు దాటిన ముసలాయన ఒంటిచక్రం బండెక్కి చేసే విన్యాసాలు. మనిషిని గుర్రంలా పరుగెత్తించి చంపే మర్మకళ. రెహమాన్ లేని లోటు. 2024 జూలై 12న వచ్చిన సినిమాకు కొద్ది రోజుల్లోనే తీసినవాళ్లే కత్తెర వేసుకున్నారు. పైగా మన దగ్గర టికెట్ రేటు పెంచుకోవడానికి సర్కారు అనుమతి కూడా ఇచ్చింది. లంచాలు తప్పని చెప్పే సినిమాను మామూలు ధర కన్నా ఎక్కువిచ్చి చూశాం.

ఇవన్నీ నిజాలే. కానీ ఆ సినిమా నాకు రుచించకపోవడానికి అసలు కారణం వీటిలో లేదు. దాన్ని ఎవరితోనూ అనలేదు.

నేనుండేది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ. ఒకపక్క నాగ్‌పూర్ హైవే, ఇంకోపక్క కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. శామీర్‌పేట చెరువు, జింకల పార్కు, తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీల జీనోమ్ వ్యాలీ, 1998 నుంచి ఉన్న నల్సార్ లా యూనివర్సిటీ, అంతాయిపల్లిలో 2022లో తెరిచిన జిల్లా కలెక్టరేట్. చట్టం చదివేవాళ్లూ దాన్ని నడిపేవాళ్లూ మాకు కూతవేటు దూరంలోనే ఉన్నారన్నమాట. మిగిలిన జాగా అంతా హద్దురాళ్లు, ప్రీకాస్ట్ గోడలు, వెంచర్ల బోర్డులు. మా దగ్గర ఇద్దరు కలిస్తే బాగోగులు అడిగాక వచ్చే రెండో మాట గజం ఎంత నడుస్తోందని. భూమికి ధర రాగానే ముందు కాగితానికి ధర వచ్చింది, ఆ తర్వాత సంతకానికి.

1996లో మొదటి 'భారతీయుడు' వచ్చినప్పుడు ఇక్కడ వీటిలో చాలావి లేవు. జిల్లా కూడా లేదు, అది 2016లో పుట్టింది. బస్సెక్కి సికింద్రాబాద్ పోయి చూశాం. నేతాజీ సైన్యంలో పనిచేసిన ముసలాయన సేనాపతి, లంచగొండి డాక్టర్ని కుర్చీకి కట్టేసి టీవీలో ఊరంతా చూస్తుండగా చంపుతాడు. హాలు హాలంతా లేచి ఈలలు వేసింది. నేనూ వేశాను. ఆ వేషం వేసిన కమల్ హాసన్‌కు జాతీయ అవార్డు రావడం, ఆస్కార్‌కు మన దేశం తరఫున ఆ సినిమానే పంపడం తర్వాతి ముచ్చట్లు. మాకు అప్పటికి ఒక్కటే అర్థమైంది: ఇలాంటివాడు ఊరికొకడు ఉంటే చాలు.

ఈ మధ్య ఆ సినిమా మళ్లీ చూశాను. ఈసారి డాక్టరు హత్య దగ్గర కాకుండా అంతకు ముందు జరిగే దాని దగ్గర ఆగిపోయాను. ఒళ్లంతా కాలిన కూతుర్ని ఆస్పత్రిలో పెట్టుకుని, లంచం ఇస్తే వైద్యం చేస్తానన్న డాక్టరుకు సేనాపతి పైసా ఇవ్వడు. కూతురు చచ్చిపోతుంది. కొడుకు ఆ చావును తండ్రి నిజాయితీ ఖాతాలో రాసి ఇల్లు వదిలిపోతాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు తండ్రి నాకు దేవుడిలా కనిపించాడు, కొడుకు పనికిమాలినవాడిలా కనిపించాడు. ఇప్పుడు నాకూ కూతురుంది. ఆ మంచం పక్కన నేనుంటే ఏం చేసేవాణ్నో నాకు బాగా తెలుసు. జేబులో ఉన్నది ఇచ్చి, లేకపోతే మెడలోది తీసిచ్చి, డాక్టరు కాళ్లు పట్టుకునేవాణ్ని. ఏ సేనాపతి వచ్చి అడిగినా సిగ్గుపడేవాణ్ని కూడా కాదు.

దర్శకుడు శంకర్ తెలివంతా అక్కడే ఉంది. మొదటి సినిమాలో చంపేవాడు చెల్లించుకుంటాడు. ముందు కూతుర్ని పోగొట్టుకున్నాడు. చివర, డబ్బు తీసుకుని బ్రేకులు సరిగా లేని బస్సుకు సర్టిఫికెట్ ఇచ్చి స్కూలు పిల్లల చావుకు కారణమైన కొడుకును తన చేత్తోనే చంపుకున్నాడు. అందుకే మనం ఒప్పుకున్నాం. లోకానికి ఒక న్యాయం, కొడుక్కి ఒక న్యాయం అని ఉంటే ఆయన కూడా మనలాంటివాడే అయిపోయేవాడు. నేను మాత్రం ఈలలను డాక్టరు దగ్గరే అయిపోగొట్టుకుని, కొడుకు చావు దగ్గర కళ్లు తుడుచుకుని, ఆ రెండూ ఒకే లెక్కలోవని గమనించకుండానే ఇంటికొచ్చాను.

తర్వాత 2003లో 'ఠాగూర్' వచ్చింది, మురుగదాస్ తమిళంలో తీసిన 'రమణ'కు రీమేక్. అందులో 15 మంది తహశీల్దార్లను ఎత్తుకుపోయి, అందరికంటే ఎక్కువ తిన్నవాణ్ని చంపి, తక్కినవాళ్లను వదిలేస్తారు. మా వైపు ఆ సినిమా ఆడిన తీరు చెప్పనక్కర్లేదు. పాస్‌బుక్కు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాడికి తెర మీద తహశీల్దారు చస్తుంటే కలిగే సుఖం ఇంకొకరికి అర్థం కాదు. నాకు అర్థమైంది కాబట్టే ఇది రాయాల్సి వస్తోంది.

2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహశీల్దారు విజయారెడ్డి మీద ఆమె ఆఫీసులోనే ఒక రైతు పెట్రోలు పోసి నిప్పంటించాడు. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. కాపాడబోయిన డ్రైవరు గురునాథం మర్నాడు పోయాడు. కాలిన గాయాలతో ఆ రైతు కూడా బతకలేదు. అదే ఔటర్ మీద మాకు అవతలి దిక్కున ఉన్న ఊరది. వార్త విన్న మొదటి క్షణంలో నా లోపల లేచిన ప్రశ్న 'అయ్యో, పిల్లలున్నారా' అని కాదు. 'ఎంత సతాయించి ఉంటే అంతపని చేసి ఉంటాడు' అని. ఆమె లంచం అడిగిందని నాతో ఎవరూ అనలేదు, నేనే ఊహించుకున్నాను. తీర్పు ఇవ్వడానికి నాకు ఆమె హోదా ఒక్కటే సరిపోయింది. ఆ రోజుల్లోనే కర్నూలు జిల్లా పత్తికొండలో ఒక తహశీల్దారు జనం దగ్గరికి రాకుండా తన గదిలో అడ్డంగా తాడు కట్టించుకుందని పేపర్లో చదివి నవ్వాను కూడా.

నెల తిరగ్గానే డిసెంబరు 6న, అత్యాచారం, హత్య కేసు నిందితులను పోలీసులు కాల్చిచంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్. పోలీసుల మీద పూలు చల్లినవాళ్లలో నేను లేను, కానీ అవి టీవీలో చూస్తూ ఆ పూట అన్నం సంతోషంగా తిన్నాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చి, ఆ కాల్పులు కావాలని జరిపినవేనని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పినప్పుడు ఆ వార్తను పూర్తిగా చదివానో లేదో గుర్తు లేదు. లా యూనివర్సిటీ గేటు ముందు నుంచి రోజూ పోయేవాడి సంగతి ఇది.

సినిమాలూ నాతోపాటే మారాయి. 'హిట్' సిరీస్ 2020లో మొదలైనప్పుడు మన ఔటర్ మీద మాయమైన ఒక అమ్మాయి కోసం పోలీసు ఆధారాలు వెతుక్కుంటూ తిరిగాడు. 2025 మే 1న మూడోది వచ్చేసరికి పోలీసే కత్తి పట్టాడు. మొదటిదాంట్లో నేను బుర్ర పెట్టి చూశాను. మూడోదాంట్లో బుర్ర అక్కర్లేదు, కడుపు గట్టిగా ఉంటే చాలు. చెడ్డవాళ్లు ఎంత చెడ్డవాళ్లంటే, చంపేవాణ్ని ఏ ప్రశ్నా అడగాల్సిన పని మనకు మిగలదు. నాకు అది నచ్చింది కూడా. నచ్చడమే నన్ను కాస్త కలవరపెట్టింది, కానీ ఆ కలవరం పార్కింగ్ దాకానే ఉంది.

'భారతీయుడు 2' మాత్రం ఆ సౌకర్యం ఇవ్వలేదు. తైపీలో దాక్కున్న సేనాపతిని కుర్రకారు సోషల్ మీడియాలో పిలిచి రప్పించుకుంటారు. ఆయన వస్తూనే పెట్టే పని ఒకటే: ముందు మీ మీ ఇళ్లు చూసుకోండి, లంచం తినేవాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు, పట్టివ్వండి అని. సిద్ధార్థ్ పాత్ర అవినీతిని పట్టుకునే శాఖలోనే పనిచేసే తన తండ్రి బండారం బయటపెడతాడు. ఆ అవమానంతో తల్లి ప్రాణం తీసుకుంటుంది. అప్పటిదాకా రమ్మని పిలిచినవాళ్లే సేనాపతిని పొమ్మని తరుముతారు. ఈ మలుపు కాగితం మీద మొదటి సినిమా కంటే గట్టిది. అక్కడ త్యాగం ఆయనది, ఇక్కడ మనది. తీసిన తీరు నాసిరకం: ఏడుపు దగ్గర పాట, పాట దగ్గర ఉపన్యాసం, మధ్యలో కామెడీ. మొదటి సినిమాలో కొడుకు చావు వల్ల వచ్చిన బరువు ఇందులో లేదు, ఎందుకంటే ఇందులో సేనాపతి పోగొట్టుకునేది ఏమీ లేదు. నీతి చెప్పేవాడు క్షేమంగా ఉండి, విన్నవాళ్ల తల్లులు చస్తుంటే ఎవరికి నచ్చుతుంది?

అయినా కొంపల్లి థియేటర్లో కొడుకు తండ్రి బండారం బయటపెట్టే సీను నడుస్తుంటే నేను కుర్చీలో ఇబ్బందిగా కదిలాను. పక్కన మా అమ్మాయి ఉంది. తను ఏమీ అడగలేదు, ఫోను చూసుకుంటోంది. అడుగుతుందేమోనని నేనే లేచి పాప్‌కార్న్‌కు పోయాను.

మాకో చిన్న ప్లాటు ఉంది. ఏ ఊళ్లోనో, ఏ ఆఫీసులో పని పడిందో చెప్పను. ఎంత ఇచ్చానో కూడా చెప్పను. ఆత్మావలోకనం అని మొదలుపెట్టి ఇంత దాచుకుంటున్నాడేమిటని మీరనుకుంటే అనుకోండి, దాచుకోవాలనిపించడం కూడా ఇందులో భాగమే. ఫైలు కదల్లేదు. "అన్నా, కొన్ని ఖర్చులుంటయ్, నువ్వు లోపలికి రాకు, నేను చూసుకుంట" అన్నాడు డాక్యుమెంట్ రైటరు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను లంచం ఇవ్వలేదు, అతనికి ఖర్చులిచ్చాను. అతను ఎవరికి ఇచ్చాడో నేను చూడలేదు. ఫైలు కదిలింది. ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది, అదీ చెప్పుకోవాలి. కూతురు ప్రాణం కోసమైతే ఇస్తానన్నానే, ఆ మాట వెనక దాక్కోవడానికి వీల్లేదు. ఇక్కడ ఎవరి ప్రాణమూ పోవట్లేదు. ఇంకో నాలుగు నెలలు తిరిగే ఓపిక లేదంతే.

2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడమూ నేరమే. ఏడేళ్ల దాకా జైలు. మూడోమనిషి చేతి మీదుగా ఇచ్చినా తేడా లేదు, రైటరుగారి 'ఖర్చులు' అనే మాట అక్కడ పనిచేయదు. గతిలేక ఇచ్చినవాడు ఏడు రోజుల్లో అధికారులకు చెప్పుకుంటే మాత్రం చట్టం వదిలేస్తుంది. నేను చెప్పుకోలేదు. అంటే సేనాపతి ముట్టడి చేయాల్సిన ఇళ్ల జాబితాలో మా ఇల్లు ఉంది. బల్లకు అవతలివాడు ఒక్కడే దొంగ అని ఇన్నేళ్లు ఈలలు వేశాను, ఇవతలి చెయ్యి నాదేనని ఏ సినిమా గుర్తుచేయనందువల్ల. గుర్తుచేసిన ఒక్క సినిమాను లాగ్ అన్నాను.

మా జిల్లాలో నిజంగా పట్టుబడినవాళ్ల సంగతి చూస్తే సినిమాకు పనికిరాదు. 2020 ఆగస్టులో కీసర తహశీల్దారు రాంపల్లి దాయర భూముల వ్యవహారంలో కోటీ పది లక్షల రూపాయలతో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కి దొరికాడు. రెండు నెలలకు జైల్లోనే చనిపోయాడు. ఎవరూ ఈల వేయలేదు. 2024 ఫిబ్రవరిలో శామీర్‌పేట తహశీల్దారు పాస్‌బుక్కు కోసం పది లక్షలు తీసుకున్నాడని ఏసీబీ పట్టుకుంది. సేనాపతి మళ్లీ తెర మీదికి రావడానికి అయిదు నెలల ముందు. అక్కడ కత్తి లేదు, మర్మకళ లేదు. ఒకడు పోయి ఫిర్యాదు రాసిచ్చాడు. ఇలాంటి వలల్లో మామూలుగా నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, సాక్షులుగా పంచులను కూర్చోబెడతారు, డబ్బు చేతులు మారాక ఆ వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. తర్వాత కోర్టులో ఏళ్లు పడుతుంది. ఫిర్యాదు చేసినవాడు ప్రతి వాయిదాకూ పోవాలి, మళ్లీ ఏదైనా పని పడితే అదే ఆఫీసు మెట్లెక్కాలి. ఆ మనిషికి పాట లేదు, ఎంట్రీ సీను లేదు, పేరు కూడా పేపర్లో మూడో పేరాలో ఎక్కడో ఉంటుంది.

ఆ మనిషికున్న ధైర్యం నాకు లేదు. నాకున్నదల్లా టికెట్ డబ్బులు. నా బదులు ఎవరో చంపితే చూడ్డానికి నేను అవి ఖర్చుపెడుతున్నానన్నది ఇప్పటికి నాకు స్పష్టంగా తెలిసిన సంగతి. ఇది తెలిశాక మారిపోయానని చెప్పను. రేపు సాగు భూమిని వేరే వాడకానికి మార్చే నాలా కన్వర్షన్ ఫైలు ఆగితే ముందు ఫోను చేసేది రైటరుకేనేమో.

మూడో భాగం కూడా తీశామన్నారు. వస్తే చూస్తాను. మొదటిదానికి సాటిరాదని ఇప్పుడే చెప్పగలను, రెండోదాన్ని మాత్రం ఇకమీద ఎవరి దగ్గరా తిట్టను. ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064. నా ఫోనులో పెట్టుకున్నాను, ఇంతవరకు వాడలేదు. మీరు నాకంటే ముందు వాడితే ఎలా జరిగిందో నాకొక మాట చెప్పండి.